లెక్క రాసే మనిషికి మీటింగులో కుర్చీ ఉందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ. విదేశీ దాత సాయంతో మూడేళ్ల ప్రాజెక్టు నడుపుతున్నాం. 42 ఊళ్లలో సేద్యపు కుంటలు, చిరుధాన్యాల సాగు, మహిళా రైతు సంఘాలకు శిక్షణ. రెండో ఏడాది చివర మిడ్‌టర్మ్ రివ్యూకి వచ్చినవాళ్లు "ఎం అండ్ ఈ (పర్యవేక్షణ, మూల్యాంకనం) సిబ్బంది సామర్థ్యం బలహీనం" అని రాశారు. 1,860 మంది మహిళలకు శిక్షణ ఇచ్చామని మేం చెప్పాం. వాళ్లు మూడు ఊళ్లు తిరిగి, ఒకే మనిషిని నాలుగైదుసార్లు లెక్కేశారని తేల్చారు. మూడో ఏడాది నిధుల విడత ఆగిపోయింది. మా ఎం అండ్ ఈ అబ్బాయి ఆర్నెల్ల కిందట మంచి జీతం వస్తుందని హైదరాబాద్ వెళ్లిపోయాడు. అప్పట్నుంచి అకౌంటెంటే రిపోర్టులు చూస్తున్నాడు. మావాళ్లు ఎండనక వాననక తిరుగుతున్నారండీ, పనిలో లోపం లేదు. కన్సల్టెంట్‌ని పెట్టుకోమంటారా? ఉన్నవాళ్లకే శిక్షణ ఇప్పించమంటారా? అసలు ఈ లెక్కల మనిషి ఉంటే ఊళ్లో పని బాగుపడుతుందా, లేక ఇదంతా దాత కోసమేనా?
— ఒక సంస్థ కార్యదర్శి

జవాబు:

అమ్మా, నమస్కారం. మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే మిగతా రెండూ వాటంతటవే తేలతాయి.

ముందు ఆ 1,860 సంగతి. మీవాళ్లెవరూ అబద్ధం రాయలేదని నేను నమ్ముతున్నాను. జరిగింది ఇలా ఉండి ఉంటుంది. ఊళ్లో శిక్షణ జరిగిన ప్రతిసారీ కమ్యూనిటీ ఆర్గనైజర్ హాజరు పట్టీలో సంతకాలు, వేలిముద్రలు తీసుకుంది. నెలాఖరుకి వాటిని కూడి కోఆర్డినేటర్‌కి ఫోన్లో చెప్పింది. కోఆర్డినేటర్ పది ఊళ్లవి కూడి ఆఫీసుకి పంపాడు. ఆఫీసులో మూడు నెలలవి కూడి "శిక్షణ పొందిన మహిళలు" అనే గడిలో వేశారు. విత్తన శుద్ధికి వచ్చిన లక్ష్మమ్మే కషాయాల తయారీకీ వచ్చింది, సంఘం పుస్తకాలు రాయడం నేర్చుకోవడానికీ వచ్చింది. హాజరు మూడు, మనిషి ఒక్కతే. కూడిక ఎక్కడా తప్పలేదు. దేన్ని "ఒకటి" అనాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అంతే.

రివ్యూవాళ్లు "సామర్థ్యం" అన్న మాటకి నా దృష్టిలో అసలు అర్థం ఇది. ఎక్సెల్ రావడం, ఇంగ్లీషులో రిపోర్టు రాయగలగడం ఆ తర్వాతి సంగతులు. గడి పైన రాసిన మాటకీ గడిలో పడిన అంకెకీ పొత్తు కుదిరిందా అని ఆగి అడగగలగాలి. మీ సంస్థలో ఆ ప్రశ్న అడిగే మనిషి లేకపోయింది. ఉన్నా, అడిగే చనువు లేకపోయింది. వెళ్లిపోయిన అబ్బాయి విషయంలో ఈ రెండిట్లో ఏది నిజమో మీకే తెలుస్తుంది.

నా సొంత తప్పొకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్థలో మామిడి, చింత మొక్కల పథకానికి లెక్కలు రాసేవాణ్ణి. ప్రతి నెలా "నాటిన మొక్కలు" అన్న గడి నింపేవాణ్ణి. జూలైలో నాటినవి, ఆగస్టులో నాటినవి కలిపి పెద్ద అంకె వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. మరుసటి మే నెలలో దాత తరఫు మనిషి వచ్చి ఒక రైతు పొలంలోకి దిగితే వరసగా ఖాళీ గుంతలు. బతికినవెన్ని అని ఆయన అడిగాడు. నా దగ్గర ఆ గడే లేదు. ఎండాకాలంలో మొక్కలకు నీళ్లు మోయడానికి కూలీ డబ్బు పెట్టాలన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ రాలేదు, ఎందుకంటే మొక్కలు పోతున్నాయని కాగితం మీద ఎక్కడా కనబడలేదు. ఆ రైతు మాత్రం ఫిబ్రవరి నుంచి చెబుతూనే ఉన్నాడట. నేను బతికిన మొక్కల్ని డిసెంబరులో లెక్కపెట్టి ఉంటే ఆ తోట నిలిచేది. ఆ గుంతలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటాయి.

కాబట్టి లెక్క బాగుంటే పని బాగుపడుతుందా అంటే, అవును. ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. ప్రపంచ బ్యాంకు తన సాయంతో ముగిసిన ప్రతి ప్రాజెక్టుకీ ఎం అండ్ ఈ నాణ్యత మీద విడిగా ఒక గ్రేడు వేయిస్తుంది. దాని కొలమానాలు మూడు: పద్ధతి ఎంత బాగా రూపొందించారు, ఎంత బాగా అమలు చేశారు, వచ్చిన సమాచారాన్ని ఎంతమేరకు వాడుకున్నారు. 2016లో ఆ బ్యాంకు పరిశోధన పత్రాల్లో ఒకటి 1,300కు పైగా ప్రాజెక్టుల గ్రేడ్లను పక్కపక్కన పెట్టి చూసింది. ఎం అండ్ ఈ బాగున్నచోట ప్రాజెక్టు ఫలితాల గ్రేడూ మెరుగ్గా ఉంది. మంచి సంస్థలు రెండూ బాగా చేస్తాయి కాబట్టి అలా కనబడుతోందేమో అన్న అనుమానం నాకూ వచ్చింది. ఒకేలాంటి ప్రాజెక్టుల్ని జతలుగా పోల్చినా ఆ తేడా నిలిచింది. అయినా ఇది గ్రేడుకీ గ్రేడుకీ ఉన్న సంబంధం అని గుర్తుపెట్టుకుని చదవాలి.

ఇంకా దగ్గరి ఉదాహరణ తెలంగాణలో ఉంది. అది దాతల ప్రాజెక్టు కాదు, ప్రభుత్వ పథకం, అయినా చెప్పదగ్గది. 2018లో రైతుబంధు మొదటిసారి ఎకరాకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచినప్పుడు, లాటరీ తీసినట్టు ఎంచిన కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ముందే ఒక మాట చెప్పారు: కాల్ సెంటర్ నుంచి రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని అడుగుతాం, దాన్నిబట్టి మీ పనితీరు చూస్తాం అని. ఆ మండలాల్లో చెక్కులు మిగతా చోట్లకన్నా కాస్త ఎక్కువ మందికి, కాస్త ముందుగా చేరాయి. పెరిగింది కొంచెమే. కానీ దానికైన ఖర్చు అంతకన్నా తక్కువ. అడుగుతారని తెలిస్తేనే పని కదిలిందన్నమాట.

ఇక మీ జిల్లా సంగతే చూడండి. మీ ప్రాంతంలో పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది, రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకున్న ఏపీఫామ్స్ ప్రాజెక్టు. నెదర్లాండ్స్ నిధులు, ఆ తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా ఆవాసాల్లో 2000ల దశాబ్దం చివరిదాకా నడిచింది. ఇందులో డేటా సేకరించింది జీతగాళ్లు కాదు, రైతులు. వర్షమాపకాలు పెట్టి రోజూ వాన చూసేవారు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచేవారు. డ్రమ్ము, స్టాప్‌వాచ్ పట్టుకుని బోరు ఎంత పోస్తోందో లెక్కగట్టేవారు. అక్షరం రాని మహిళలు కూడా ఈ పని నేర్చుకున్నారు. ఆ అంకెలు ఊరి గోడ మీద బోర్డుకెక్కేవి. రబీకి ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు నేలలో ఇంత నీరుంది, మనం వేద్దామనుకున్న పంటలకు ఇంత కావాలి, తేడా ఇంత అని చూసుకునేవారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఆజ్ఞ వేయలేదు, సబ్సిడీ ఆశ పెట్టలేదు. లెక్క చూసుకుని వరి తగ్గించుకున్న రైతులున్నారు.

అంకె పుట్టిన చోటే అంకె ఖర్చయింది చూశారా? కొలిచిన మనిషే నిర్ణయం తీసుకున్నాడు. మీ ప్రాజెక్టులో అంకె ఊళ్లో పుట్టి, మండలం దాటి, ఆఫీసు దాటి, విదేశానికి వెళ్లిపోతోంది. వెనక్కి రావడం లేదు. ఏపీఫామ్స్ అయిపోయాక ఆ కొలతలు కొన్నిచోట్ల తగ్గిపోయాయన్నది కూడా నిజమే. పక్కన నిలబడి సరిచేసేవాళ్లు లేకపోతే నేర్చిన అలవాటు కూడా నీరసిస్తుంది. అందుకే ఒక్కసారి శిక్షణ ఇప్పించి చేతులు దులుపుకుంటే కుదరదంటాను.

ఇప్పుడు మీ మొదటి రెండు ప్రశ్నలు. కన్సల్టెంట్‌ని పెట్టుకుని రిపోర్టు రాయించుకోవద్దు. రిపోర్టు అందంగా వస్తుంది, మీ లోపల ఏదీ మారదు. కావాలంటే రెండు వారాలకు ఒక అనుభవజ్ఞుణ్ణి పిలిపించండి, ఇండికేటర్ల (ఏం కొలవాలో చెప్పే గడుల) నిర్వచనాలు మీవాళ్లతో కూర్చుని తెలుగులో రాయించడానికి మాత్రమే. అకౌంటెంట్ దగ్గర్నుంచి ఈ పని తీసేయండి. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆయన వృత్తి వోచరు సరిపోయిందా అని చూడటం. ఖర్చు జరిగితే పని జరిగినట్టే ఆయన లెక్కలో. కుంట తవ్విన బిల్లు ఆయనకి సాక్ష్యం. ఆ కుంటలో నీళ్లు నిలిచాయా అన్నది ఆయన అడిగే ప్రశ్న కాదు.

మీ ఆర్గనైజర్లలో ఒకరిని ఎంచండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లని ఎంచకండి, అది అందరూ చేసే పొరపాటు. మీటింగులో "ఇదెందుకు ఇలా ఉంది మేడమ్" అని అడిగి మిమ్మల్ని కాస్త విసిగించే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లని ఎంచండి. ఊళ్లు తెలిసిన మనిషికి కంప్యూటరు నేర్పడం మూడు నెలల పని. కంప్యూటరు తెలిసిన మనిషికి ఊళ్లు నేర్పడానికి మూడేళ్లు పడుతుంది, అప్పటికి మీ ప్రాజెక్టే అయిపోతుంది.

వాళ్లకి మొదట నేర్పాల్సింది తిరిగి లెక్కపెట్టడం. నెలకి రెండు ఊళ్లు, ఏ ఊరో ముందే చెప్పకుండా చీటీ తీసి ఎంచాలి. ఆ ఊరి అసలు రిజిస్టరు తెరిచి, గత నెల రిపోర్టులో పంపిన అంకెని మళ్లీ మొదట్నుంచి లెక్కించాలి. రిపోర్టులో 48 ఉండి రిజిస్టరులో 41 తేలితే, 41ని 48తో భాగించండి, సుమారు 0.85 వస్తుంది. ఒకటికి దగ్గరగా ఉందంటే సరే. లేదంటే ఆ తేడా ఎక్కడ పుట్టిందో ఆర్గనైజరుతో కూర్చుని చూడాలి, అరవకుండా. అరిస్తే వచ్చే నెల రిజిస్టరే సర్దుకుని ఉంటుంది, మీకు నిజం ఇంకెప్పటికీ దొరకదు. ఇది ఆరోగ్య కార్యక్రమాల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పద్ధతి, డబ్బు ఖర్చు లేనిది.

రెండోది చిన్న నమూనా తీయడం. 42 ఊళ్లూ తిరిగి సర్వే చేయక్కర్లేదు. ఒక్కో కోఆర్డినేటర్ కింద ఉన్న ఊళ్లని ఒక ప్రాంతం అనుకుని, ఆ ప్రాంతం సభ్యుల జాబితాలోంచి లాటరీలో 19 మందిని ఎంచండి. "ఈ ఖరీఫ్‌లో విత్తన శుద్ధి చేశారా" లాంటి అవునూ కాదూ ప్రశ్నలు ఐదు అడగండి. మీ లక్ష్యం 80 శాతమైతే, 19 మందిలో కనీసం 13 మంది అవునంటే ఆ ప్రాంతం దారిలోనే ఉంది. 12 మందే అంటే అక్కడ పని వెనకబడిందన్నమాట, ఆ కోఆర్డినేటర్‌కి సాయం కావాలి. ఇది పిల్లల టీకాలు, తల్లుల ఆరోగ్యం పనుల్లో ప్రపంచమంతా వాడే పద్ధతి. దీంతో జిల్లా మొత్తానికి కచ్చితమైన శాతం రాదు. ఎవరి ప్రాంతం వెనకబడిందో తెలుస్తుంది. ఇప్పుడు మీకు కావలసిందీ అదే.

మొబైల్ యాప్‌ల గురించి అడగలేదు కానీ రేపు ఎవరో ఒకరు మీకు చెబుతారు. కోబో టూల్‌బాక్స్ లాంటివి మీలాంటి సంస్థలకు ఉచితంగానే దొరుకుతాయి, తెలుగులో ఫారం పెట్టుకోవచ్చు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. వాడుకోండి. అయితే లక్ష్మమ్మను ఫోన్లో మూడుసార్లు ఎక్కించినా ముగ్గురే అవుతుంది. ప్రతి సభ్యురాలికీ ఒక నంబరు ఇవ్వండి, కాగితమైనా ఫోనైనా ఆ నంబరే రాయాలి. మీ 1,860 రోగానికి మందు అది.

మీ లాగ్‌ఫ్రేమ్, అంటే పనులూ ఫలితాలూ కొలతలూ రాసే ప్రాజెక్టు పట్టిక, నేను చూడలేదు. అయినా ఇలాంటి ప్రాజెక్టుల్లో ముప్ఫైకి తగ్గకుండా ఇండికేటర్లు ఉంటాయి. అమెరికా అభివృద్ధి సంస్థ కోసం 1969 ప్రాంతంలో ఆ పట్టికని తయారుచేసినవాళ్ల ఉద్దేశం, ఏ పని చేస్తే ఏ మార్పు వస్తుందో ఒక్క పేజీలో చూసుకోవడం. ఆ పేజీ ఇప్పుడు ఎంతగా పెరిగిందో మీరే చూస్తున్నారు. ఒక్క కుంటల విషయమే తీసుకోండి. "తవ్విన కుంటలు" అన్నది మీ దగ్గర ఉంటుంది. అనంతపురం ఎర్ర నేలల్లో తవ్విన కుంట వాన ఆగిన కొద్ది రోజులకే ఇంకిపోవచ్చు. మీ రైతుకి కుంట కావలసింది ఎప్పుడు? వేరుశనగ ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే, ఒక్క తడి ఇవ్వడానికి. కాబట్టి అడగాల్సింది: ఆ ఎండు రోజుల్లో ఎన్ని కుంటల్లో నీళ్లున్నాయి, ఉన్నవాటిలో ఎంతమంది ఇంజిను పెట్టి తడి ఇవ్వగలిగారు, ఇవ్వలేనివాళ్లకి అడ్డొచ్చింది ఏమిటి? ఇంజిను అద్దె దొరకలేదని పదిమంది చెప్పారనుకోండి, మీ మూడో ఏడాది బడ్జెట్‌లో ఇంకో పది కుంటలు తవ్వే బదులు సంఘానికి రెండు ఇంజిన్లు, పైపులు కొనివ్వడం మేలని తేలుతుంది. ఇలా ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగితే డబ్బు దారి మారుతుంది. సిబ్బంది సామర్థ్యం ప్రాజెక్టు పనితీరుని మార్చేది ఇక్కడే.

ఆ దారి మారాలంటే, లెక్క చూసే మనిషి మీ నెలవారీ మీటింగులో కూర్చోవాలి. చాలా సంస్థల్లో ఆ మనిషిని మీటింగుకి అంకెలు అందించడానికి పిలిచి, చర్చ మొదలవగానే పంపేస్తారు. మీరు అలా చేయకండి. మీటింగులో మొదటి గంట వాళ్లదే. గత నెలలో తేలిన మూడు విషయాలు చెప్పాలి, వాటి మీద ఏం మారుస్తున్నామో మినిట్స్ బుక్కులో రాయాలి, వచ్చే నెల అక్కడ్నుంచే మొదలుపెట్టాలి. ఇంకో హక్కు కూడా ఇవ్వండి. తాను సరిచూడని అంకె సంస్థ గేటు దాటకూడదని చెప్పే హక్కు. గడువు రేపే అని మీరే ఒత్తిడి చేసినా సరే. ఇది మీకు కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. వెళ్లిపోయిన అబ్బాయికి ఈ రెండూ ఇచ్చి ఉంటే హైదరాబాద్ జీతం అంతగా లాగేది కాదేమో. డబ్బు ఒక్కటే కారణమని నేననుకోను. తాను చెప్పింది ఎవరూ వినని చోట ఎవరైనా ఎంతకాలం ఉంటారు?

జీతం విషయం దాటేయలేం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. నిర్వహణ సిబ్బంది జీతాలు, రిపోర్టులు రాసి సమర్పించే ఖర్చు ఆ పరిపాలనా పద్దులోకే వస్తాయి. అందుకే చిన్న సంస్థలు మొదట కోత పెట్టేది ఈ ఉద్యోగానికే. మీ చార్టర్డ్ అకౌంటెంట్‌తో కూర్చుని, మీరు ఎంచిన మనిషి చేసే పనిలో ఊళ్లలో జరిగేదెంత, ఆఫీసులో జరిగేదెంత అని విడదీసి, ఏ భాగం ఏ పద్దులోకి వస్తుందో రాతపూర్వకంగా తేల్చుకోండి. కొత్త ప్రపోజల్ రాసేటప్పుడు ఈ ఖర్చుకి ప్రత్యేక లైను పెట్టి అడగండి. బడ్జెట్‌లో 5 నుంచి 10 శాతం దీనికి ఉంచాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా చెప్పుకునే అంచనా. అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు అడగరు. అడగండి.

ఆగిపోయిన విడత కోసం దాతకి ఈ వారమే ఉత్తరం రాయండి. సాకులు వద్దు. 1,860 అన్నది హాజరుల సంఖ్య అని, విడివిడి మనుషుల సంఖ్య ఎంతో రిజిస్టర్ల నుంచి తీసి ఆరు వారాల్లో పంపుతామని రాయండి. ఏడు వందలే తేలినా అదే పంపండి. ఆ ఏడు వందల్లో మూడు శిక్షణలకీ వచ్చినవాళ్లు ఎంతమందో కూడా చెప్పండి, నిజానికి ఒకసారి వచ్చిపోయిన రెండు వేల మందికన్నా అది మంచి కబురు. ఎవరిని ఎంచారో, నెలకి ఏ ఊళ్లలో తిరిగి లెక్కిస్తారో, మొదటి 19 మంది నమూనా ఎప్పుడు తీస్తారో తేదీలతో పెట్టండి. తప్పు తామే బయటపెట్టి తేదీలతో సరిచేసుకునే సంస్థని దాతలు వదులుకోవడం నేను చాలా తక్కువ చూశాను.

ఆ ఉత్తరం పంపేముందు ఒక పని చేయండి. ఆర్గనైజర్లందరినీ కూర్చోబెట్టి దాన్ని తెలుగులో చదివి వినిపించండి. వాళ్లు పంపిన అంకెలు తగ్గబోతున్నాయి. ఎందుకు తగ్గుతున్నాయో, అందులో వాళ్ల తప్పు ఏమీ లేదని వాళ్లు మొదట మీ నోటి నుంచే వినాలి.